2222 పక్కన రాయని లెక్క

జులై 3 వచ్చిందంటే మా ఒంగోలులో పాత తగువు మళ్ళీ లేస్తుంది. 1878లో ఆ రోజు వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారని చెప్పి, పెంతెకొస్తు దినం మూడు వేలతో పోల్చి మురిసిపోయేవాళ్ళు ఒక పక్క. కరువులో గంజి కోసం మతంలో కలిసినవాళ్ళ లెక్క అది అని ఒక్క మాటతో తీసిపారేసేవాళ్ళు ఇంకో పక్క. ఇద్దరి చూపూ ఆ అంకె మీదే. ఏట్లోకి దిగిన మనుషులు ఎలాంటి ఇళ్ళ నుంచి వచ్చారో వీళ్ళూ అడగరు, వాళ్ళూ అడగరు. అప్పటి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. 1871 జనాభా లెక్కల్లో ఆ జిల్లాలో 13 లక్షల 70 వేలకు పైగా జనం ఉన్నారు. 1881కి 12 లక్షల 20 వేలకు దిగారు. వలసపోయినవాళ్ళను తీసేసినా, మిగిలిన తగ్గుదలలో సింహభాగం 1876-78 కరువుదీ, దాని వెంట వచ్చిన కలరాదీ. సెంటు భూమి లేని మాదిగ పల్లెలను ఆ చావు వదిలిపెట్టిందని ఎవరూ అనలేరు. వెల్లంపల్లికి నడిచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ పల్లెలవాళ్ళే. అంటే, తిండి కాపాడగలిగిన ప్రాణాలు పోయాక వచ్చినవాళ్ళు.

గంజి వాదానికి మొదటి అడ్డు తేదీలే. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, ఒంగోలు మిషను నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నారు. మిషను బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు తట్ట మోయించిన మనిషే పొద్దుగూకాక పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు. మతంలో కలుస్తామని అడిగినవాళ్ళకు అక్కడ కొదవ లేదు. అయినా సుమారు పదిహేను నెలలు దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం, సాయం కోసం కలిశారన్న మాట పడకూడదని ఆయన జాగ్రత్త. గంజే మూలమైతే గంజి దొరికే రోజుల్లో ఏరు నిండాలి, ఆ రోజుల్లో నీళ్ళలో ఒక్కరూ దిగలేదు. ఇక డబ్బు సాయం చెయ్యలేనని దొర చెప్పాక వచ్చినవాళ్ళు అరచేతుల బొబ్బలు చూపించారట. కష్టపడి పనిచేశాం, ఇకముందూ చేస్తాం, సాయం అక్కర్లేదు, వచ్చే పంటా పోతే చచ్చిపోతాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అన్నారని ఆయనే రాసుకున్నారు. ముద్ద కోసం వచ్చినవాడు బతుకు గురించి బేరం పెడతాడు గాని చావు గురించి పెట్టడు.

రాసింది దొరే కదా, అమెరికాలో తన మిషనువాళ్ళు అనుమానపడుతుంటే తనను తాను కాపాడుకోవడానికి రాయడా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆయన మాట పక్కనబెట్టి ఆయన పెట్టిన షరతులు చూడమంటాను. కలిసేవాళ్ళకు మూడే కట్టుబాట్లు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కరువు ఏట ఈ రెండో షరతు అర్థమేమిటో ఎవరూ ఆలోచించరు. ఊళ్ళో గొడ్డు పడిపోతే అది మాదిగవాడ పాలు. మేత లేక గొడ్లు వరసగా పడిపోయే కాలంలో చేతికి సులువుగా అందే తిండి అదే. వచ్చే పంట గ్యారంటీ లేని జులైలో, తరతరాల హక్కుగా వచ్చిన ఆ తిండిని వదులుకుంటేనే ఏట్లోకి రానిస్తామన్నారు. లాభం కోసం చేసే బేరం ఇలా ఉండదు.

మూడో షరతు ఇంకా కష్టం. మశూచి వచ్చినా కలరా వచ్చినా అమ్మవారికి కోపమొచ్చిందనే నమ్మకం మధ్య పుట్టి పెరిగినవాళ్ళు వీళ్ళు. కలిసిన ఇంట్లో పసిబిడ్డ పోతే ఊరు వేలు చూపించేది ఎటో చెప్పక్కర్లేదు. ఆ బిడ్డను పూడ్చి వచ్చి, ఇది అమ్మవారి శిక్ష కాదని నమ్మి, జాతర్లో డప్పు పట్టను అని పెద్దకాపు ఎదుట నిలబడటమే అప్పటి విశ్వాసం. అందరూ నిలబడ్డారని నేననను. వెనక్కి పోయినవాళ్ళూ ఉండే ఉంటారు, ఏ ఉద్యమంలో లేరు గనక.

అంత తొందరగా ముంచేస్తే పరీక్షించేదెప్పుడని మరో ఆక్షేపణ. ఉదయం ఆరింటికి మొదలై పదకొండుకు ఆపి, రెండింటికి మళ్ళీ దిగి అయిదింటికి ముగించారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరి చొప్పున. లెక్కేస్తే మనిషికి అర నిమిషం కూడా లేదు. కానీ పరీక్ష ఏట్లో జరగలేదు. ఏ పల్లె మనిషిని ఆ పల్లె తెలిసిన బోధకుడే వెంటబెట్టుకు వచ్చాడు, కాలువ మకాంలో నెలల తరబడి చూసినవాడు. దొర ఆ రోజు తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదన్నది మనవాళ్ళ ఉపన్యాసాల్లో ఎందుకో జారిపోతుంది. నా ఫిర్యాదల్లా ఇదే. క్లౌ కంటే ముందు వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర ఒంగోలు కొండ మీద చేసిన ప్రార్థన చెబుతాం, క్లౌ దొర గొప్ప చెబుతాం. తల్లినీ బిడ్డనూ పోగొట్టుకుని ఏటిదాకా నడిచినవాళ్ళను మాత్రం అంకె చేసి వదిలేస్తాం. జులై 2న 614, మూడున 2222, నాలుగున 700, వెరసి 3536 అని పైసలతో సహా అప్పజెప్పే మన దగ్గర, వాళ్ళు వెనక పూడ్చిపెట్టి వచ్చినవాళ్ళ పేర్లు పది కూడా లేవు.

కొండమిట్టలోనో సంతపేటలోనో మద్దిపాడు పల్లెల్లోనో తాతల నాటి బైబిలు ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దాని మొదటి కాగితాల మీద పుట్టినవాళ్ళ పేర్లూ, ప్రభువునందు నిద్రించినవాళ్ళ పేర్లూ రాసే అలవాటు మనది. చెదలు పట్టకముందే ఆ పేజీలు ఫోటో తీసి ఉంచండి. వెల్లంపల్లిలో ఇకమీద ఎవరు రాయి వేయించినా, 2222 కింద 1876, 1877 అన్న రెండేళ్ళు కూడా చెక్కించండి.