థీమ్ పార్కు యాత్రలు - పాఠశాల సెలవులు

ఏదైనా ఒక ఇతివృత్తాన్ని ఆధారంగా తీసుకొని నిర్మించిన వినోద ఉద్యానవనాన్ని థీమ్ పార్కు అంటారు. సినిమా, జానపద కథ, చరిత్ర, అంతరిక్షం వంటివి ఈ ఇతివృత్తాలు కావచ్చును. బడికి వెళ్ళే పిల్లలున్న కుటుంబాలు ఇటువంటి చోటికి ఎప్పుడు వెళ్ళాలన్నది ముఖ్యంగా మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది. అవి పాఠశాల సెలవులు, ఋతువు, ఖర్చు. ఈ మూడూ ఒకేసారి అనుకూలించే రోజులు సంవత్సరంలో చాలా తక్కువ. పిల్లలకు సెలవులు ఉన్నప్పుడే రద్దీ, ధరలు పెరుగుతాయి. రద్దీ లేనప్పుడు పిల్లలు బడిలో ఉంటారు. ఈ వైరుధ్యం కారణంగా కొన్ని దేశాలలో పాఠశాలల ప్రారంభ తేదీ గురించి శాసనాలు వెలువడ్డాయి, ఒక తండ్రి వ్యాజ్యం దేశ సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది.

నేపథ్యం

ఆధునిక థీమ్ పార్కులకు నమూనాగా భావించే డిస్నీలాండ్ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1955 జూలై 17న ప్రారంభమైంది. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో సమీపంలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న ప్రారంభమైంది. టోక్యో డిస్నీలాండ్ 1983లోను, పారిస్ సమీపంలోని డిస్నీలాండ్ 1992లోను, హాంగ్‌కాంగ్ డిస్నీలాండ్ 2005లోను మొదలయ్యాయి.

భారతదేశంలో ఢిల్లీలోని అప్పు ఘర్ 1984లో ప్రారంభమై 2008లో మూతపడింది. హైదరాబాదు సమీపంలో విజయవాడ రహదారిపై ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీని 1996లో రామోజీరావు స్థాపించాడు. ఇది చిత్ర నిర్మాణ కేంద్రమే అయినా కుటుంబాలు రోజంతా గడిపే విహార స్థలంగా ప్రసిద్ధి చెందింది. హైదరాబాదులో స్నో వరల్డ్ 2004లోను, నగర శివారులోని రావిర్యాల వద్ద వండర్‌లా 2016లోను ప్రారంభమయ్యాయి.

రద్దీ - వరుసల లెక్క

ప్రతి రైడుకు గంటకు ఇంతమంది అనే పరిమితి ఉంటుంది. ఉదాహరణకు ఒక రైడులో 24 మంది కూర్చోగలరని, ఎక్కించి, తిప్పి, దించడానికి 3 నిమిషాలు పడుతుందని అనుకొందాము. గంటలో అది 20 సార్లు తిరుగుతుంది. అనగా గంటకు 480 మందికి మాత్రమే అవకాశం దొరుకుతుంది. వరుసలో మన ముందు 240 మంది ఉంటే అరగంట, 1,440 మంది ఉంటే 3 గంటలు వేచి ఉండాలి. ఉదయం 10 గంటలకు లోపలికి వెళ్ళి సాయంత్రం 6 గంటలకు బయటికి వచ్చే కుటుంబం మొదటి రోజున పది పన్నెండు రైడ్లు ఎక్కగలదు. రెండవ రోజున రెండింటితో సరిపెట్టుకోవాలి. రెండు రోజులలోను ప్రవేశ రుసుము చెల్లించినదే. అందువలన టికెట్టు వెల కంటే రోజును ఎంచుకోవడమే ముఖ్యమైన విషయం.

ఈ కారణంగానే అనేక పార్కులు తేదీని బట్టి ధరను నిర్ణయించే పద్ధతిని చేపట్టాయి. అమెరికాలోని డిస్నీ పార్కులు ఒక రోజు టికెట్టుకు 2016లో కాలాన్ని బట్టి వేర్వేరు ధరలను ప్రవేశపెట్టాయి. టోక్యో డిస్నీలాండ్ 2021లో ఈ పద్ధతిలోకి మారింది. రద్దీని అన్ని రోజులకూ సర్దడం దీని ఉద్దేశం. అయితే సెలవులలో తప్ప కదలలేని కుటుంబాలపైనే దీని భారం ఎక్కువగా పడుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

పాఠశాల సెలవులు

రెండు రాష్ట్రాలలోను రాష్ట్ర విద్యాప్రణాళికను అనుసరించే పాఠశాలలకు సాధారణంగా ఏప్రిల్ నాలుగవ వారం నుండి జూన్ రెండవ వారం వరకు వేసవి సెలవులు ఉంటాయి. మార్చి మధ్య నుండి ఒంటిపూట బడులు నడుస్తాయి. దసరాకు సుమారు రెండు వారాల సెలవులు ఇస్తారు. తెలంగాణలో ఇవి బతుకమ్మ పండుగతో కలిసి వస్తాయి. సంక్రాంతి సెలవులు ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ రోజులు, తెలంగాణలో తక్కువ రోజులు ఉంటాయి. క్రైస్తవ మిషనరీ పాఠశాలలలో దసరా సెలవులు తగ్గి, క్రిస్మస్ సెలవులు పెరుగుతాయి. సీబీఎస్ఈ పాఠశాలలు చాలావరకు కొత్త తరగతులను ఏప్రిల్‌లోనే ప్రారంభిస్తాయి కనుక వారికి ఏప్రిల్ మాసం పూర్తి సెలవుగా లెక్కకు రాదు.

ఒకే ఇంటిలో ఇద్దరు పిల్లలు వేర్వేరు పాఠశాలలలో చదువుతున్నప్పుడు ఇద్దరికీ కలిసివచ్చే సెలవులు తగ్గిపోతాయి. ఇంటర్మీడియట్ విద్యార్థి ఉన్న ఇంటిలో పరిస్థితి మరింత కఠినం. బోర్డు పరీక్షలు ముగిసిన వెంటనే ప్రవేశ పరీక్షల చదువు మొదలవుతుంది. తమ్ముడికో చెల్లెలికో సెలవులు వచ్చేసరికి అన్నకు ఎంసెట్ (నేటి ఈఏపీసెట్) ముంచుకొస్తుంది. ఇటువంటి కుటుంబాలు పెద్ద యాత్రను ప్రవేశ పరీక్ష తరువాతి రోజులకు, అనగా మే చివరికి గాని జూన్ మొదటికి గాని వాయిదా వేసుకోవడం మేలు.

ఋతువులు

వేసవి: సెలవులు ఎక్కువగా ఉన్న కాలం ఇదే, ఎండ ఎక్కువగా ఉన్న కాలమూ ఇదే. మే మాసంలో పలు జిల్లాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మధ్యాహ్నం 12 నుండి 4 గంటల వరకు ఆరుబయట వరుసలలో నిలబడితే పిల్లలకు, వృద్ధులకు వడదెబ్బ తగిలే ప్రమాదం ఉన్నది. పార్కు తెరిచే వేళకు చేరుకొని పొడి రైడ్లను ఉదయమే ముగించి, మధ్యాహ్నం నీడలోను, లోపలి ప్రదర్శనలలోను గడపాలి. నీటి ఆటలను సాయంత్రానికి ఉంచుకోవాలి. నీటి కొలనులలోకి చీరలు, నూలు బట్టలతో అనుమతించరు. నైలాన్ దుస్తులు ముందుగా తీసుకొని వెళ్ళకపోతే అక్కడ కొనవలసి వస్తుంది.

వర్షాకాలం: జూన్ నుండి సెప్టెంబరు వరకు వారపు రోజులలో రద్దీ తక్కువ. అయితే ఉరుములు, మెరుపులు, గాలివాన ఉన్నప్పుడు ఎత్తైన రైడ్లను ఆపివేస్తారు.

శీతాకాలం: నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అన్నివిధాలా అనుకూలం. కాని పాఠశాలలు విద్యార్థులను విహారయాత్రలకు తీసుకొనివచ్చేది కూడా ఈ కాలంలోనే. కార్తీక మాసపు వనభోజనాలు కూడా ఇప్పుడే. అందువలన ఆదివారం కాకపోతే ఖాళీగా ఉంటుందన్న అంచనా ఈ నెలలలో తప్పవచ్చును. ఆ రోజున పాఠశాలల బస్సులు వస్తున్నాయా అని పార్కు కార్యాలయాన్ని ముందుగా ఫోనులో అడగడం మంచిది.

అమెరికాలో

ఓర్లాండో

అమెరికాలో పాఠశాల క్యాలెండరు దేశమంతటా ఒక్కటి కాదు. ప్రతి రాష్ట్రానికీ, చాలాచోట్ల ప్రతి విద్యా జిల్లాకూ వేర్వేరుగా ఉంటుంది. ఫ్లోరిడా వంటి దక్షిణ రాష్ట్రాలలో బడులు ఆగస్టు మొదటి పక్షంలోనే తెరుస్తారు. న్యూయార్క్ వంటి ఈశాన్య ప్రాంతాలలో సెప్టెంబరు మొదటి సోమవారమైన లేబర్ డే తరువాతనే తెరుస్తారు. కనుక ఆగస్టు చివరి రెండు వారాలలో ఓర్లాండోలో రద్దీ తగ్గుతుంది, ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు మాత్రం ఇంకా సెలవులే. ఆ రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అనుకూలమైన కాలం.

క్రిస్మస్ నుండి నూతన సంవత్సరం వరకు, మార్చి మధ్య నుండి ఈస్టర్ వరకు రద్దీ అత్యధికం. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న వచ్చింది. గత సంవత్సరం ఖాళీగా ఉన్న వారం ఈ సంవత్సరం కిటకిటలాడవచ్చును. నవంబరు మొదట్లో న్యూజెర్సీ ఉపాధ్యాయుల మహాసభ కారణంగా ఆ రాష్ట్రంలో పాఠశాలలకు సెలవిస్తారు. అప్పుడు అక్కడి కుటుంబాలు పెద్దసంఖ్యలో ఓర్లాండో చేరడం వలన ఆ వారానికి జెర్సీ వీక్ అనే పేరు స్థిరపడింది.

వాతావరణాన్ని కూడా పరిగణించాలి. వేసవిలో ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఉరుములతో కూడిన జల్లులు సర్వసాధారణం. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు ఉంటుంది. 2017లో ఇర్మా, 2022లో ఇయాన్, 2024లో మిల్టన్ హరికేన్ల సమయంలో వాల్ట్ డిస్నీ వరల్డ్ పార్కులను మూసివేశారు. సెప్టెంబరులో రద్దీ తక్కువగా ఉండడానికి బడులతో పాటు ఈ భయం కూడా ఒక కారణం. రద్దు చేసుకొనే వీలున్న బసను ఎంచుకొంటే నష్టం తగ్గుతుంది.

కింగ్స్ డొమీనియన్ చట్టం

బడి తేదీలను బట్టి పార్కులు నడవడం సాధారణం. వర్జీనియా రాష్ట్రంలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. 1986లో ఆ రాష్ట్రం, ప్రత్యేక మినహాయింపు లేకుండా లేబర్ డేకు ముందు ప్రభుత్వ పాఠశాలలు తెరవరాదని శాసించింది. డాస్‌వెల్‌లోని కింగ్స్ డొమీనియన్ అనే పార్కు పేరిట ప్రజలు దీనిని కింగ్స్ డొమీనియన్ చట్టమని పిలిచారు. ఆగస్టు చివరి వారాలు, లేబర్ డే వారాంతం పార్కులకు మంచి ఆదాయకాలం. వేసవిలో అక్కడ పనిచేసేవారిలో విద్యార్థులు ఎక్కువ. బడులు ముందే తెరిస్తే ఇటు సందర్శకులూ, అటు సిబ్బందీ తగ్గుతారు.

జాతీయస్థాయి పరీక్షలు మే మాసంలో ఒకే తేదీన జరుగుతాయి కనుక, ఆలస్యంగా తెరిచే బడుల పిల్లలకు చదువుకొనే రోజులు తగ్గుతాయని విద్యారంగంవారు అభ్యంతరం చెప్పారు. చివరకు 2019లో చట్టాన్ని సవరించి, లేబర్ డేకు రెండు వారాల ముందు వరకు బడులు తెరవడానికి అనుమతించారు. మేరీల్యాండ్‌లో గవర్నరు లారీ హోగన్ 2016లో ఇటువంటి ఉత్తర్వునే జారీచేయగా, అక్కడి శాసనసభ 2019లో ఆ నిర్ణయాధికారాన్ని తిరిగి స్థానిక విద్యామండలులకు అప్పగించింది.

ఐరోపాలో

ఫ్రాన్సులో దేశాన్ని ఏ, బీ, సీ అనే మూడు మండలాలుగా విభజించి, ఫిబ్రవరి, వసంతకాలపు సెలవులను వేర్వేరు తేదీలలో ఇస్తారు. ఒక్కొక్క మండలానికి రెండేసి వారాల చొప్పున మొత్తం సెలవులు సుమారు నాలుగు వారాలపాటు పరచుకొంటాయి. దేశమంతా ఒకేసారి రోడ్డెక్కకుండా చేయడం దీని లక్ష్యం. పారిస్ నగరం సీ మండలంలో ఉన్నది. జర్మనీలోని 16 రాష్ట్రాలు కూడా వేసవి సెలవులను ఒకదాని తరువాత ఒకటిగా ఇస్తాయి. జర్మనీలోని రస్ట్ గ్రామంలో 1975లో ప్రారంభమైన యూరోపా పార్క్ ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దులకు దగ్గరగా ఉన్నది. అక్కడికి వెళ్ళేవారు మూడు దేశాల సెలవులనూ చూసుకోవాలి.

జపాన్, సింగపూరు, గల్ఫ్

జపాన్‌లో ఏప్రిల్ చివరి నుండి మే మొదటి వారం వరకు వచ్చే గోల్డెన్ వీక్ సెలవులలో రద్దీ తీవ్రం. ఇది సరిగ్గా తెలుగు పిల్లల వేసవి సెలవుల ఆరంభంతో కలుస్తుంది. సింగపూరు పాఠశాలలకు మే చివరి నుండి జూన్ చివరి వరకు సుమారు నాలుగు వారాల సెలవులు. కనుక అక్కడి యూనివర్సల్ స్టూడియోస్‌కు మన రాష్ట్రాల నుండి వెళ్ళేవారికి మే మొదటి మూడు వారాలు మేలైనవి. పిల్లలకు ఇక్కడ సెలవులు, అక్కడ బడులు. గల్ఫ్ దేశాలలో వేసవి ఎండ భరించరానిది కనుక అబుదాబిలోని ఫెరారీ వరల్డ్ (2010), వార్నర్ బ్రదర్స్ వరల్డ్ (2018) వంటివి చాలావరకు పైకప్పు కింద, శీతలీకరించిన భవనాలలోనే నిర్మించారు.

బడి మానిపించడంపై వివాదం

రద్దీ, ఖర్చు తగ్గుతాయన్న ఉద్దేశంతో కొందరు తల్లిదండ్రులు బడి రోజులలోనే పిల్లలను తీసుకొనివెళతారు. ఇంగ్లాండులో దీనికి జరిమానా ఉన్నది. ఐల్ ఆఫ్ వైట్‌కు చెందిన జాన్ ప్లాట్ 2015 ఏప్రిల్‌లో తన కుమార్తెను ఫ్లోరిడా డిస్నీ యాత్రకు తీసుకొనివెళ్ళడంతో ఆ బాలిక ఏడు రోజులు బడికి హాజరు కాలేదు. ఆమె మొత్తం హాజరు బాగానే ఉన్నదని వాదించి అతడు జరిమానా చెల్లించలేదు. కింది న్యాయస్థానాలు అతడిని సమర్థించాయి. అయితే 2017 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు, క్రమంగా హాజరు కావడమంటే పాఠశాల నియమాల ప్రకారం హాజరు కావడమేనని తీర్పునిచ్చింది. 2024 ఆగస్టు నుండి ఈ జరిమానాను 60 నుండి 80 పౌండ్లకు పెంచారు. సెలవులలో పెరిగే విమాన ఛార్జీలతో పోలిస్తే ఈ మొత్తం స్వల్పమే కావడం వలన దీని ప్రభావంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

జపాన్‌లోని ఐచి ప్రాంతం ఇందుకు భిన్నమైన మార్గాన్ని ఎంచుకొన్నది. 2023 నుండి అక్కడి పిల్లలు తల్లిదండ్రులతో గడపడానికి ఏడాదికి మూడు రోజుల వరకు బడికి రాకున్నా గైరుహాజరుగా లెక్కించరు. సెలవు దినాలలో కూడా ఉద్యోగానికి వెళ్ళవలసిన తల్లిదండ్రుల పిల్లలను దృష్టిలో ఉంచుకొని దీనిని రూపొందించారు.

భారతదేశంలో ఇటువంటి జరిమానా లేదు. కాని సీబీఎస్ఈ బోర్డు పరీక్షలకు 75 శాతం హాజరు తప్పనిసరి. పాఠం తప్పిన పిల్లవాడు దానిని తిరిగి అందుకోవడం కుటుంబాన్ని బట్టి ఉంటుంది. ఇంటివద్ద చెప్పేవారు ఉన్నవారికి మూడు రోజులు పెద్ద లెక్క కాదు, లేనివారికి గణితంలో ఒక అధ్యాయమే పోవచ్చును.

ప్రణాళికలో గమనించవలసినవి

* ముందుగా ఇంటిలోని పిల్లలందరి పాఠశాల క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి, అందరికీ కలిసివచ్చే రోజులను గుర్తించాలి.
* తరువాత వెళ్ళబోయే ప్రాంతపు పాఠశాలల సెలవులను చూడాలి. అక్కడ బడి, ఇక్కడ సెలవు ఉన్న రోజులు ఉత్తమం.
* సెలవుల మొదటి వారం, చివరి వారాంతం, పండుగ మరునాడు తప్పించాలి. మంగళ, బుధ, గురువారాలు సాధారణంగా అనుకూలం.
* రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. మే మొదటి వారపు ప్రయాణానికి మార్చి మొదట్లోనే సిద్ధంగా ఉండాలి.
* షెన్‌జెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును.
* చాలా రైడ్లకు అనుమతి వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. ఇంటివద్దనే పిల్లల ఎత్తు కొలిస్తే, గంటసేపు వరుసలో నిలిచాక నిరాశపడే పరిస్థితి రాదు.
* అవ్వాతాతలు వెంట ఉంటే, వారు కూర్చొనే నీడ గల చోటును ముందే చూసి, అందరూ తిరిగి కలుసుకొనే వేళను నిర్ణయించుకోవాలి.
* ఏవైనా రైడ్లు మరమ్మతుకు మూసివేశారేమో తెలుసుకోవాలి. ఈ పనులను తరచుగా రద్దీ లేని కాలంలోనే చేపడతారు.

ఇవి కూడా చూడండి

* రామోజీ ఫిల్మ్ సిటీ
* డిస్నీలాండ్
* వేసవి సెలవులు
* వడదెబ్బ
* ఋతువులు
* వనభోజనాలు