నాయకత్వ కోచింగ్

ఉద్యోగంలోనో వృత్తిలోనో ఒక స్థాయికి చేరిన మనిషి తన నిర్ణయాలను, నలుగురితో మెలిగే తీరును, పని చేయించే పద్ధతిని మెరుగుపరచుకోవడానికి శిక్షణ పొందిన మరొకరితో కొన్ని నెలలపాటు క్రమం తప్పకుండా జరిపే సంభాషణే నాయకత్వ కోచింగ్. ఇక్కడ కోచ్ పాఠం చెప్పరు. ప్రశ్న అడుగుతారు, ఓపికగా వింటారు, తాము గమనించింది మొహమాటం లేకుండా చెబుతారు, పోయినసారి అనుకున్న పని ఏమైందో ఈసారి ఆరా తీస్తారు. ఇదే పద్ధతి సొంత జీవితపు లక్ష్యాల కోసం సాగితే దాన్ని పర్సనల్ కోచింగ్ లేదా లైఫ్ కోచింగ్ అంటారు.

తెలుగునాట కోచింగ్ అనగానే ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), గ్రూప్స్, సివిల్స్ సెంటర్లే గుర్తొస్తాయి. ఆ అర్థంలో తప్పేమీ లేదు. నేర్పేవారికి ఈ పేరు మొదట వచ్చింది పరీక్షల వల్లనే. అక్కడి నుంచి అది ఆటస్థలానికి, ఆపైన ఆఫీసు గదికి చేరింది. ఆ దారిలో నేర్పే మనిషి అడిగే మనిషిగా మారడమే ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

మాట నడిచిన దారి

హంగరీలో కోచ్ అనే చిన్న ఊరుంది. 15వ శతాబ్దంలో అక్కడి పనివారు తయారుచేసిన గుర్రపు బండ్లు యూరప్‌లో పేరు పొందాయి. ఊరి పేరే బండి పేరై ఇంగ్లిషులోకి వెళ్లింది. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు ట్యూటరును కోచ్ అని పిలవసాగారు. బండి ప్రయాణికుణ్ణి ఊరు చేర్చినట్టే ట్యూటరు విద్యార్థిని పరీక్ష దాటిస్తాడని వారి భావం. 1860ల నాటికి ఆటల శిక్షకులకూ ఆ పేరు స్థిరపడింది.

ఫ్యాక్టరీలో కోచింగ్ గురించి తొలి వ్యాసాల్లో ఒకటి 1937లో అమెరికాలో వచ్చింది. రచయిత గోర్బీ. లాభాల్లో కార్మికులకూ వాటా ఇచ్చే ఒక సంస్థలో, సరుకు వృథా కాకుండా చూడటం ఎలాగో పాతవారు కొత్తవారికి దగ్గరుండి నేర్పిన తీరును అందులో వివరించాడు. అప్పటికి కోచింగ్ అంటే ఇంకా నేర్పడమే.

టెన్నిస్ కోర్టులో మలుపు

హార్వర్డ్ టెన్నిస్ జట్టుకు ఒకప్పుడు కెప్టెన్‌గా ఉన్న టిమోతీ గాల్వే 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో టెన్నిస్ నేర్పుతూ ఒక విషయం గమనించాడు. తాను సూచనలు తగ్గించే కొద్దీ శిష్యులు బాగా ఆడుతున్నారు. మోచెయ్యి ఇలా పెట్టు, మోకాలు అలా వంచు అంటుంటే బిగుసుకుపోతున్నారు. దాంతో పద్ధతి మార్చాడు. బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌ను తాకినప్పుడు మరో మాట పైకి అనమన్నాడు. మనసు ఆ పనిలో పడగానే శరీరం తన పని తాను చేసుకుపోయింది. మనిషి లోపల ఆజ్ఞలు వేసే గొంతు ఒకటి, పనిచేసే శక్తి మరొకటి ఉంటాయని, ఆ గొంతును నెమ్మదింపజేయడమే శిక్షకుడి పని అని అతను తేల్చాడు. 1974లో వచ్చిన అతని పుస్తకం ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ను ఆటగాళ్లతో పాటు మేనేజర్లూ చదివారు.

ఈ ఆలోచనను బ్రిటన్‌కు తెచ్చినవారిలో ముఖ్యుడు సర్ జాన్ విట్‌మోర్. అతను 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచిన రేసింగ్ డ్రైవర్. గాల్వే దగ్గర నేర్చుకున్న పద్ధతిని అతనూ, గ్రాహం అలెగ్జాండర్, అలన్ ఫైన్ వంటి సహచరులూ కంపెనీలకు అనువుగా మలిచారు. అలా రూపొందిన ‘గ్రో’ నమూనా విట్‌మోర్ 1992లో ప్రచురించిన ‘కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్’ ద్వారా ప్రపంచమంతా పాకింది.

ఆ నమూనాలో నాలుగు మెట్లున్నాయి: లక్ష్యం (గోల్), ప్రస్తుత స్థితి (రియాలిటీ), మార్గాలు (ఆప్షన్స్), సంకల్పం (విల్). కొత్తగా బ్రాంచి మేనేజరైన వ్యక్తి రాత్రి తొమ్మిదైనా ఇంటికి వెళ్లలేకపోతున్నాడనుకుందాం. ఏ వేళకు ఇల్లు చేరాలనుకుంటున్నాడో కోచ్ ముందు అడుగుతారు. తర్వాత గత వారం రోజులు ఎలా గడిచాయో చెప్పిస్తారు. కింది వారికి అప్పగించగలిగినవి ఏమిటో, అప్పగించకుండా ఆపుతున్నది ఏమిటో అతని నోటితోనే రాబడతారు. చివరికి సోమవారం నుంచి చేయబోయే ఒక్క పనిని ఖాయం చేస్తారు. జవాబు అతనిదే కనుక ఆచరించే బాధ్యతా అతనిదే అవుతుంది.

వృత్తిగా ఎదుగుదల

అమెరికాలో కోచింగ్‌కు వృత్తి రూపం ఇచ్చినవారిలో థామస్ లియోనార్డ్ ముఖ్యుడు. అతను ఆర్థిక సలహాదారు. డబ్బు లెక్కల కోసం వచ్చినవారు జీవితాన్ని ఎలా నడుపుకోవాలో కూడా అడగడం చూసి 1992లో కోచ్ యూనివర్సిటీని స్థాపించాడు. అక్కడి పాఠాలు ఎక్కువగా టెలిఫోన్ మీదే నడిచేవి. 1995లో అతని చొరవతోనే అంతర్జాతీయ కోచ్ ఫెడరేషన్, అంటే ఐసీఎఫ్, మొదలైంది. ఈ సంస్థ మూడు స్థాయిల్లో గుర్తింపు ఇస్తుంది. చదువు, పరీక్షలతో పాటు తొలి స్థాయికి 100, రెండో స్థాయికి 500, పై స్థాయికి 2,500 గంటల కోచింగ్ అనుభవం కావాలి. 2000లో సిడ్నీ విశ్వవిద్యాలయం కోచింగ్ మనస్తత్వశాస్త్ర విభాగాన్ని తెరిచింది. ఆంథొనీ గ్రాంట్ దానికి సారథ్యం వహించాడు.

2022లో ప్రపంచవ్యాప్తంగా 1,09,200 మంది కోచ్‌లు ఉన్నారని ఐసీఎఫ్ అంచనా వేసింది. 2019 నాటి అంచనా 71,000.

కోచ్ పెట్టుకున్న పెద్దలు

కొలంబియా విశ్వవిద్యాలయంలో 1974 నుంచి 1979 వరకు ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్న బిల్ క్యాంప్‌బెల్ తర్వాత సాంకేతిక రంగానికి వచ్చి స్టీవ్ జాబ్స్, లారీ పేజ్ వంటివారికి ఆంతరంగిక కోచ్ అయ్యాడు. గూగుల్ పగ్గాలు చేపట్టిన ఎరిక్ ష్మిట్‌కు కూడా క్యాంప్‌బెల్‌ను కోచ్‌గా పెట్టుకోమని పెట్టుబడిదారు జాన్ డోయర్ సూచించినప్పుడు, ఇంత అనుభవం ఉన్న తనకెందుకని ష్మిట్ మొదట నొచ్చుకున్నాడు. తనకు అందిన సలహాల్లో అత్యుత్తమమైనది అదేనని తర్వాత అతనే చెప్పాడు. మంచి మేనేజరు లక్షణాలను తేల్చడానికి గూగుల్ 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో సొంత ఉద్యోగుల సమాచారాన్ని విశ్లేషించింది. వచ్చిన ఎనిమిది లక్షణాల్లో మొదటిది మంచి కోచ్ కావడమే.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాక, క్రీడాకారులతో పనిచేసే మనస్తత్వవేత్త మైఖేల్ జెర్వే చేత తన అగ్రనాయకత్వ బృందానికి అభ్యాసాలు చేయించాడు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ క్రికెట్ జట్టులో తన బౌలింగ్ గాడి తప్పిన రోజును ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో గుర్తుచేసుకున్నాడు. కెప్టెన్ బంతి తీసుకుని తానే వికెట్ పడగొట్టి, మళ్లీ అతనికే బంతి ఇచ్చాడు. కుర్రవాడి ధైర్యం చెడకూడదన్నదే ఆ కెప్టెన్ ఉద్దేశం. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ తన మేనేజర్ల నుంచి ఆశించే మూడు బాధ్యతల్లో కోచింగ్ ఒకటి.

శస్త్రవైద్యుడు అతుల్ గవాండే కథ మరింత స్పష్టమైనది. తన నైపుణ్యం ఒకచోట ఆగిపోయిందనిపించి, విశ్రాంత శస్త్రవైద్యుడైన తన గురువు రాబర్ట్ ఆస్టీన్‌ను ఆపరేషన్ గదిలో నిలబడి చూడమన్నాడు. ఆస్టీన్ పట్టుకున్నవి చిన్న విషయాలే: మోచెయ్యి పైకి లేస్తోంది, దీపం వెలుగు కోత మీద నుంచి పక్కకు జరిగింది. ఎన్నో ఏళ్లుగా ఆపరేషన్లు చేస్తున్న మనిషికి అవి కనిపించలేదు. ఈ అనుభవాన్ని గవాండే 2011లో న్యూయార్కర్ పత్రికలో రాశాడు.

ప్రయోజనాలు: పరిశోధనలు తేల్చినవి

1997లో అమెరికాలోని ఒక పురపాలక సంస్థలో 31 మంది మేనేజర్లను పరిశీలించారు. తరగతి శిక్షణతో ఉత్పాదకత 22.4 శాతం పెరగ్గా, దానికి కోచింగ్ తోడయ్యాక 88 శాతం పెరిగింది. పోల్చి చూడటానికి మరో బృందం లేదు కనుక ఈ అంకెను జాగ్రత్తగానే తీసుకోవాలి. గ్రాంట్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఇంకా పకడ్బందీగా సాగింది. ఒక ప్రజారోగ్య సంస్థలోని 41 మంది అధికారులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలు చేశారు. పది వారాల్లో నాలుగే సమావేశాలు. కోచింగ్ అందినవారు లక్ష్యాలకు దగ్గరయ్యారు, ఒత్తిడి తగ్గింది, ఎదురుదెబ్బలను తట్టుకునే శక్తి పెరిగింది. 2014లో థీబూమ్, అతని సహచరులు 18 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు పనితీరు, మానసిక క్షేమం, పని పట్ల వైఖరి వంటి అయిదు అంశాల్లోనూ మేలు కనిపించింది.

పరిమితులు

ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ప్రయోగం మరో కోణం చూపింది. గవాండే బృందం 120 ఆరోగ్య కేంద్రాలను ఎంచుకుని, సగం చోట్ల ప్రసవ భద్రత చెక్‌లిస్టు అమలుకు 8 నెలలపాటు సిబ్బందికి కోచింగ్ ఇప్పించింది. రెండు నెలలకు అక్కడ అవసరమైన జాగ్రత్తల్లో 73 శాతం పాటించారు. మిగతా చోట్ల అది 42 శాతమే. కోచ్‌లు వెళ్లిపోయాక, 12వ నెలకు 62 శాతానికి తగ్గింది. తల్లీబిడ్డల మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మనుషుల అలవాట్లను కోచింగ్ మార్చగలిగినా, మందులు, పరికరాలు, పై వైద్యం అందుబాటులో లేని లోటును పూడ్చలేదు.

కుంగుబాటు, వ్యసనం వంటి సమస్యలకు కోచ్ కాదు, వైద్యులు కావాలి. చాలా దేశాల్లో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అందువల్ల శిక్షణ ఎక్కడ పొందారో, ఎన్ని గంటల అనుభవం ఉందో ముందే అడగడం మంచిది. ఫీజు కంపెనీ కడుతున్నప్పుడు మరో మెలిక ఉంది: గదిలో చెప్పుకున్నది పై అధికారి చెవిన పడుతుందేమోనన్న భయం. అందుకే మొదటి సమావేశంలోనే ఉద్యోగి, కోచ్, సంస్థ ముగ్గురూ కూర్చుని ఏది బయటికి వెళ్తుంది, ఏది వెళ్లదు అన్నది కాగితం మీద రాసుకుంటారు.