జంషెడ్‌పూర్: పరిశ్రమలకు ప్రభుత్వ చేయూత, వృత్తి వ్యాధులకు పరిహారం

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్, ఖర్కయి నది అవతలి ఆదిత్యపూర్ ఉక్కు, దాని అనుబంధ పరిశ్రమల మీద ఆధారపడి బతుకుతున్నాయి. ఆగ్నేయాన ఉన్న ముసాబని, ధాల్‌భూమ్‌గఢ్ ప్రాంతాల్లోనూ అనుబంధ యూనిట్లు వెలిశాయి. ఇక్కడి పరిశ్రమల విషయంలో ప్రభుత్వం రెండు బాధ్యతలు తలకెత్తుకుంది. మొదటిది, కొత్త ఉత్పత్తులకు, కొత్త యంత్రాలకు, పేటెంట్లకు, అంకుర సంస్థలకు ఆర్థిక సాయం చేయడం. రెండోది, పని వల్ల జబ్బుపడిన కార్మికుడికి పరిహారం ఇప్పించడం. పరిశ్రమకు సాయం, కార్మికుడికి పరిహారం అన్న ఈ రెండు బాధ్యతల తొలి రూపాలు ఒకే ఏడాది, 1924లో, చట్టాలుగా అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత రెండూ వేర్వేరు శాఖల కింద, వేర్వేరు వేగాలతో సాగాయి.

చారిత్రక నేపథ్యం

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర నెలకొల్పిన కర్మాగారంలో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగువారు కూడా ఈ నగర జనాభాలో భాగమయ్యారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉమ్మడి కేంద్రాల్లో ఒకటి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత విదేశీ ఉక్కు చవకగా వచ్చిపడడంతో కంపెనీ కష్టాల్లో చిక్కుకుంది. టారిఫ్ బోర్డు సిఫార్సు మీద 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. దిగుమతి ఉక్కుపై సుంకాలు పెరిగాయి, దేశంలో తయారైన రైలు పట్టాలకు ప్రభుత్వం ప్రోత్సాహక ధనం ఇచ్చింది. జంషెడ్‌పూర్ నిలదొక్కుకోవడానికి ఈ ప్రజాధనం ఒక ముఖ్య కారణం.

1923లో చేసిన కార్మికుల నష్టపరిహార చట్టం 1924 జులై 1న అమల్లోకి వచ్చింది. జంషెడ్‌పూర్ కర్మాగారంలో ఎనిమిది గంటల పని 1912లో, ఉచిత వైద్యం 1915లో, ప్రమాద పరిహార పథకం 1920లో మొదలయ్యాయి. అంటే ప్రమాదాల విషయంలో కంపెనీయే చట్టం కంటే ముందు నడిచింది. వృత్తి వ్యాధుల సంగతి వేరు. తొలి చట్టంలోని జబ్బుల జాబితా చాలా చిన్నది. సీసం, భాస్వరం వల్ల కలిగే విషప్రభావం, ఆంత్రాక్స్ వంటివే అందులో ఉండేవి. రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఆ తర్వాతి కాలంలో జాబితాకెక్కింది.

నూతన ఆవిష్కరణలకు ప్రభుత్వ సాయం

స్వాతంత్ర్యం వచ్చాక ఈ సాయం సుంకాల దశ దాటి పరిశోధన, మౌలిక వసతుల వైపు మళ్లింది. సీఎస్ఐఆర్ ఆధ్వర్యంలోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలను 1950 నవంబరు 26న ప్రధాని నెహ్రూ జంషెడ్‌పూర్‌లో ప్రారంభించారు. ఖనిజ శుద్ధి, మిశ్రమ లోహాలు, తుప్పు నివారణ, వ్యర్థాల నుంచి లోహాల సేకరణ వంటి రంగాల్లో అక్కడ అభివృద్ధి చేసిన పరిజ్ఞానాన్ని పరిశ్రమలకు బదిలీ చేస్తారు. 1960లో ప్రాంతీయ ఇంజినీరింగ్ విద్యాలయంగా మొదలైన సంస్థ 2002లో జంషెడ్‌పూర్ ఎన్ఐటీ అయింది.

ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి సంస్థ 1972లో ఏర్పడింది. అక్కడ వెయ్యికి పైగా యూనిట్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం టాటా మోటార్స్ లారీలకు విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలు, ఫౌండ్రీలు, ఫోర్జింగ్ షాపులు. కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) శాఖ కిందనున్న ఇండో డానిష్ టూల్ రూమ్ వీటికి అచ్చులు, పనిముట్లు చేసిపెడుతుంది, యువతకు శిక్షణ ఇస్తుంది. కేంద్ర గ్రాంటుతో ఏర్పడిన ఆదిత్యపూర్ ఆటో క్లస్టర్‌లో, సొంతంగా కొనుక్కునే స్తోమత లేని చిన్న యూనిట్లు పరీక్షా యంత్రాలను కలిసి వాడుకుంటాయి.

నేరుగా డబ్బు రూపంలో అందే సాయంలో ముఖ్యమైనవి ఇవి. 2022 మార్చిలో మొదలైన ఎంఎస్ఎంఈ ఇన్నోవేటివ్ పథకం కింద ఒక్కో ఆలోచన అభివృద్ధికి రూ.15 లక్షల వరకు ఇస్తారు. పేటెంట్ ఖర్చులో దేశీయ పేటెంట్‌కు రూ.లక్ష వరకు, విదేశీ పేటెంట్‌కు రూ.5 లక్షల వరకు తిరిగి చెల్లిస్తారు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద నమూనా తయారీకి రూ.20 లక్షల వరకు గ్రాంటు దొరుకుతుంది. ఝార్ఖండ్ రాష్ట్రం 2016లో, మళ్లీ 2023లో స్టార్టప్ విధానాలు, 2021లో పారిశ్రామిక ప్రోత్సాహక విధానం ప్రకటించింది. పన్ను రాయితీ మాత్రం తగ్గుతూ వచ్చింది. పరిశోధనకు పెట్టిన ఖర్చుపై ఒకప్పుడు 200 శాతం తగ్గింపు ఉండేది. అది 150కి, తర్వాత 100 శాతానికి దిగింది.

ర్యామింగ్ మాస్, సిలికోసిస్

చిన్న ఉక్కు యూనిట్లలో తుక్కు ఇనుమును ఇండక్షన్ కొలిమిలో కరిగిస్తారు. కొలిమి లోపలి గోడకు రక్షణగా ర్యామింగ్ మాస్ అనే పొడిని దట్టిస్తారు. క్వార్ట్జ్ రాయిని పగలగొట్టి, గ్రైండర్‌లో ఆడించి, జల్లెడ పట్టి, బోరిక్ ఆమ్లం కలిపి, సంచుల్లో నింపితే అది తయారవుతుంది. అందులో దాదాపు అంతా సిలికానే. పొడి పొడిగానే ఉండాలి కాబట్టి, రాతి క్రషర్లలో చేసినట్టు నీళ్లు చల్లి దుమ్ము అణచడం కుదరదు. యంత్రాన్ని మూసి, దుమ్మును గొట్టాలతో లాగి, గుడ్డ ఫిల్టర్లలో పట్టాలి. ఈ ఏర్పాట్లు లేని షెడ్‌లో సంచులు నింపేవాళ్ల జుట్టు, కనురెప్పలు తెల్లబడతాయి.

ముసాబని, ధాల్‌భూమ్‌గఢ్ పరిసరాల్లోని ఇలాంటి యూనిట్లలో పనిచేసిన సంతాల్ తదితర గ్రామీణ కార్మికుల్లో సిలికోసిస్ మరణాలు వెలుగులోకి వచ్చాయి. కంటికి కనిపించనంత సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి మచ్చలు కట్టిస్తాయి. ఈ జబ్బుకు మందు లేదు. పని మానేసినా ముదురుతుంది, క్షయ సోకే ప్రమాదాన్ని పెంచుతుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటికీ సామాన్య లక్షణాలు. రోగి చేసిన పని గురించి అడక్కపోతే చీటీ మీద టీబీ అని రాసి మందులిచ్చి పంపేస్తారు. ఛాతీ ఎక్స్‌రేతో పాటు ఏ పని, ఎన్నేళ్లు చేశాడన్న వివరాలు కూడా ఉంటేనే సిలికోసిస్ నిర్ధారణ అవుతుంది.

జంషెడ్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఓషాజ్ అనే ఝార్ఖండ్ వృత్తి భద్రత, ఆరోగ్య సంఘం ఈ కేసులను గుర్తించి అధికారుల ముందు పెట్టింది. సిలికోసిస్‌పై 2006లో సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా రంగంలోకి దిగింది.

పొరుగున పశ్చిమ సింగ్‌భూమ్‌లోని రోరో కొండల్లో మరో దుమ్ము, ఆస్‌బెస్టోసిస్ జబ్బు తెచ్చే ఆస్‌బెస్టాస్, సమస్యగా ఉంది. హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ నడిపిన గని 1983లో మూతపడినా, తవ్విపోసిన వ్యర్థాలు కొండవాలుపైనే ఉండిపోయాయి.

పరిహారం లెక్క

1923 చట్టం 2009 సవరణతో ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. దాని మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్ అందులోని సి భాగంలోనివి. సంబంధిత పనిలో నిర్ణీత కాలం చేసిన వ్యక్తికి జాబితాలోని జబ్బు వస్తే, దాన్ని పని ప్రమాదంతో సమానంగా చూస్తారు. ఒకరికి మించి యజమానులుంటే వారి మధ్య వాటాను నష్టపరిహార కమిషనర్ తేలుస్తారు. ఆలస్యమైతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా జరిమానా పడతాయి.

మరణిస్తే నెలసరి వేతనంలో సగాన్ని వయసు గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే వేతనం 2020 జనవరి నుంచి గరిష్ఠంగా రూ.15,000. నలభై ఏళ్లకు గుణకం 184.17. కాబట్టి ఆ వేతనంపై ఆ వయసులో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రావలసింది 7,500 × 184.17 = రూ.13,81,275. బతికుండి పూర్తిగా పని చేయలేని స్థితికి చేరితే వేతనంలో 60 శాతం లెక్కన రూ.16,57,530.

ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) కింద నమోదైన కార్మికుడికి ఈ మార్గం వర్తించదు. అతనికి వైద్యం, వైకల్య భత్యం, చనిపోతే ఆశ్రితులకు నెలనెలా భత్యం అందుతాయి. పూర్తి వైకల్యానికి వేతనంలో 90 శాతం వస్తుంది. 2017 నుంచి ఈఎస్ఐ వేతన పరిమితి రూ.21,000. 2019 జులై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం.

ఈ రెండు దారుల్లోనూ కార్మికుడు ఆ యూనిట్‌లో పనిచేసినట్టు ఆధారం చూపాలి. కాంట్రాక్టర్ చేతి కింద రోజుకూలికి వెళ్లినవాడి దగ్గర హాజరుపట్టీ నకలు, జీతం చీటీ ఉండవు. జబ్బు బయటపడేసరికి యూనిట్ మూతపడి ఉండవచ్చు. పరిశ్రమ సాయానికి దరఖాస్తు చేసే యజమాని రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, లెక్కల పుస్తకాలు అప్పటికే సిద్ధంగా ఉంచుకుంటాడు. కార్మికుడి దగ్గర అలాంటి కాగితమేదీ ఉండదు.

ఈ ఖాళీని పూరించడానికి రాష్ట్రాలు సహాయ పథకాలు తెచ్చాయి. కర్మాగార సిలికోసిస్ బాధితుల కోసం ఝార్ఖండ్ తెచ్చిన పథకంలో మృతుడి కుటుంబానికి రూ.4 లక్షలు, జీవించి ఉన్న రోగికి అంతకంటే తక్కువ మొత్తం ఇస్తారు. రాజస్థాన్ 2019 విధానం కింద నిర్ధారణ కాగానే రూ.3 లక్షలు, మరణానంతరం కుటుంబానికి రూ.2 లక్షలు, వీటికి తోడు పింఛను లభిస్తాయి. ఈ డబ్బు ఖజానా నుంచి వస్తుంది. పై లెక్కలోని పద్నాలుగు లక్షలకు దగ్గరి మొత్తం మాత్రం చట్ట ప్రకారం యజమాని కట్టవలసినది.

ప్రస్తుత చట్టస్థితి

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. నష్టపరిహారం, ఈఎస్ఐ చట్టాలు సామాజిక భద్రత స్మృతిలో కలిశాయి. విద్యుత్తు వాడే కర్మాగారాన్ని నిర్వచించే కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. దాంతో అనేక చిన్న యూనిట్లు ఆ నిర్వచనం నుంచి జారిపోయాయి. అయితే పదిమంది, అంతకుమించి ఉన్న చోట నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రమాదకర వృత్తుల్లో ఒక్క ఉద్యోగి ఉన్నా ఈఎస్ఐ వర్తిస్తుంది.

పరిశ్రమ సాయం వైపు నుంచి కూడా ఒక మార్గం ఉంది. చిన్న పరిశ్రమలకు ధ్రువపత్రాలిచ్చే, 2022లో సవరించిన జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) పథకంలో కాంస్య ధ్రువపత్రానికే పని ప్రదేశ భద్రతను పరిశీలిస్తారు. ధ్రువీకరణ ఖర్చులో సూక్ష్మ యూనిట్లకు 80 శాతం రాయితీ ఉంది. ర్యామింగ్ మాస్ షెడ్‌లో దుమ్ము లాగే యంత్రం ఉందా, ఎవరెవరు పనిచేస్తున్నారో రిజిస్టర్ ఉందా అన్నవి ఇలాంటి రాయితీలకు షరతులైతే, జబ్బు నివారణకూ తర్వాతి పరిహారానికీ కావలసిన ఆధారాలు ఒకే తనిఖీలో దొరుకుతాయి.