ఇంటిముందఱి చెట్టు



కనిగిరి సీమలో వేసవి యెట్టిదో అచ్చట కాపురముండినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కొండఱాయి కాగి, బావులలో నీరడుగంటి, దొరకిన నీటనైన ఫ్లోరైడు మిక్కుటమై యుండు ఆ మెట్టప్రాంతమున, ఇంటిముందఱ నొక వేపచెట్టున్నదనిన ఆ యిల్లు భాగ్యవంతుల యిల్లే. ఆ వేపక్రిందనే పగటివేళ నులకమంచము, ఆ వేపక్రిందనే పశువు, ఊరి తగవులు తీరుటయు నచ్చటనే. అట్టి చెట్టును నాటినవాడు తాత. మూడు నాలుగు వేసవులు బిందెలతో నీరు మోసి దానిని బ్రదికించినది అవ్వ.

ఇట్టి యింటి గృహస్థు నొకని ఊహింపుడు. ఒకయేడు వైశాఖమాసపు ఈదురుగాలికి ఆ చెట్టునుండి తొడవంటి కొమ్మ విఱిగి పంచపై పడినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని ఆ రాత్రినుండి ఇల్లాలికి నిద్ర లేదు. ముసలితండ్రి చెట్టును ముట్టవలదనును, కొడుకు కొట్టింపవలెననును, పొరుగువాడు గోడమీదుగా చూచి, “అన్నా, మీ మాను మా యింటిమీద పడినచో పూచీ యెవరిది?” అని యడుగును. ముగ్గురి మాటయందును న్యాయమున్నది. ఈ తగవు చిన్నదిగా తోచును గాని, దీనివెనుక సుమారు పదునైదువందల యేండ్ల చరిత్ర కలదు. దానినే ఈపూట మీకు మనవి చేయదలచితిని.

క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గృహనిర్మాణమును చెప్పుచు, ఇంటికి మిక్కిలి చేరువనుండు చెట్లనుగూర్చి ప్రత్యేకముగా విచారించినాడు. ముండ్లచెట్టు శత్రుభయమును, పాలుగారు చెట్టు ధననాశమును, ఫలవృక్షము సంతానహానిని కలిగించునని యాతని మతము. రావి తూర్పుననున్న నశుభము, పడమటనున్న శుభము; మఱ్ఱికి దీనికి విపర్యయము. ఇదంతయు శకునశాస్త్రమని త్రోసిపుచ్చుట సులభమే. కాని పాలుగారు చెట్లనగా నెవ్వి? మఱ్ఱి, రావి, మేడి, జువ్వి. వీని విత్తనము పక్షిరెట్టతో గోడసందున పడినను మొలచును. వేళ్లు పునాదిని చీల్చును. అట్టి యింటివానికి ధననాశము కలుగుటకు గ్రహములు వక్రింపనక్కఱలేదు. శుభాశుభముల భాషలో చెప్పబడిన యీ మాటలలోపల గోడలు కట్టినవారి యనుభవము కొంత దాగియున్నదని నాకు తోచును.

ఇంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి యున్నది. దోషముగల చెట్టును కొట్టుటకు మనసొప్పనిచో ఏమిచేయవలెను? నడుమ పొన్న, అశోకము, పొగడ, పనస, జమ్మి మొదలగు మంచిచెట్లను నాటవలెనని యాతడే చెప్పినాడు. అనగా ఇంటికి చేటుచేయు చెట్టును కొట్టలేని గృహస్థుడు ఆనాడును ఉన్నాడు. వానికొక దారి చూపుట శాస్త్రకారుని విధి యయ్యెను. మఱియొకచోట, విగ్రహమునకై మ్రానును నఱకు విధిని చెప్పుచు, ముందు రాత్రి దానిని పూజించి, అందు వసించు భూతములను వేఱుచోటికి తరలిపొండని వేడుకొని, తెల్లవాఱిన పిమ్మట గొడ్డలి వేయవలెనని వ్రాసినాడు. భూతములమాట యెట్లున్నను, గొడ్డలికిని చెట్టునకును నడుమ ఒక రాత్రి గడువుండుట మంచి యాచారము. కోపముతోను భయముతోను కొట్టిన చెట్టును మరల నిలబెట్టలేము గదా.

ఇక మన పల్లెలసంగతి. వెనుకటి యిండ్లు మట్టిగోడలపై తాటాకు, బోద కప్పినవి. చెట్లు దొడ్డిలో బావిప్రక్కను, గొడ్లచావడిప్రక్కను ఉండెడివి. తరములు గడచినకొలది అన్నదమ్ములు పంచుకొనిరి. ఒక యిల్లు రెండయ్యెను, రెండు నాలుగయ్యెను. దొడ్డిలోనికి గదులు పెరిగెను. చెట్టు ఇంటికి దగ్గఱగా రాలేదు. ఇల్లే చెట్టునకు దగ్గఱగా నడచివచ్చినది. పిమ్మట మురుగుకాలువలు త్రవ్వినప్పుడు ఒకప్రక్క వేళ్లు తెగెను. వీథికి సిమెంటు పోసినప్పుడు మొదలుచుట్టును నేల మూసికొనిపోయెను. మనము తలచునట్లు చెట్టువేళ్లన్నియు పాతాళమునకు పోవు. వానిలో పెక్కుభాగము పైనున్న రెండుమూడడుగుల మంటిలోనే, కొమ్మల నీడను దాటి పఱచుకొనియుండును. వానిని తెగగొట్టినది మనము. గాలికి పడినప్పుడు నింద చెట్టుది.

చెట్లజాతులును మాఱెను. పందొమ్మిదవ శతాబ్దిలో దొరతనమువారి కాలమున త్వరగా పెరిగి నీడనిచ్చు పరదేశపు వృక్షములు మన బాటలకును, కచేరీలకును వచ్చెను. మధ్య దక్షిణ అమెరికాలనుండి నిద్రగన్నేరు, మడగాస్కరునుండి ఎఱ్ఱని తురాయి వచ్చినవి. 1877 లో మన దేశమునకు తెచ్చి కడప మండలమున మొదట నాటబడిన సర్కారు తుమ్మ, మనవారు చిల్లచెట్టనునది, నేడు కనిగిరి చుట్టుపట్ల పిలువనిచుట్టమై నిండియున్నది. నిద్రగన్నేరునకు గొడుగు పెద్దది, కొమ్మ పెళుసు. తురాయియు నంతియే. పెరటి మునగసంగతి ఏ పిల్లవానినడిగినను చెప్పును. మన వేపకును చింతకును చేవ యెక్కువ, పెరుగుట మెల్లన. త్వరగా నీడనిచ్చు చెట్టు త్వరగా విఱుగుట లోకములో సామాన్యధర్మము.

చెట్లకు నిజమైన పరీక్ష తుపాను. 2014 అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణమును కొట్టినప్పుడు, ఒక్కదినములో ఆ నగరపు వీథులన్నియు పడినమ్రాకులతో నిండిపోయెను. ప్రకాశము, గుంటూరు తీరములకును ఈ బాధ తప్పినది కాదు. 2010 మేలో లైలా తుపానును, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానును బాపట్ల సమీపముననే తీరము దాటినవి. కనిగిరి సముద్రమునకు దూరమైనను ఆ గాలివానల తోక అచ్చటికిని తగులును.

అయినను ఒకవైపే చూచుట న్యాయము కాదు. 1908 సెప్టెంబరు 28 వ తేదీన హైదరాబాదున మూసీనది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నప్పుడు, అఫ్జల్‌గంజులోని యొక చింతచెట్టు సుమారు 150 మందిని తన కొమ్మలపై నిలుపుకొని కాపాడినది. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో గౌరవింపబడుచున్నది. 1977 నవంబరు 19 వ తేదీ దివిసీమ ఉప్పెనలో పదివేలకు తక్కువగాక జనులు మడసిరి. బ్రదికినవారిలో పలువురు చెట్లను కౌగిలించుకొని బ్రదికినవారే. కావున చెట్టు ప్రాణము తీయునా, ప్రాణము నిలుపునా అను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. ఏ చెట్టు, ఏ చోట, ఏ స్థితిలోనున్నది అని యడుగవలెను.

పొరుగువాని ప్రశ్నకు వత్తము. పూచీ యెవరిది? చెన్నరాజధానిలో 1920 లో చేయబడిన పురపాలక చట్టము, చెట్టుగాని, కొమ్మగాని, తుదకు కాయగాని పడి మనుష్యులకో కట్టడములకో కీడుచేయునని తోచినచో, దానిని కట్టించుమనియో, నఱికించుమనియో యజమానునకు తాఖీదు నిచ్చు అధికారమును సంఘమునకిచ్చెను. కాయను గూడ మఱవని యా చట్టకర్త కొబ్బరిచెట్లక్రింద నడచినవాడై యుండవలెను. ఆ నిబంధన పట్టణములకే. కనిగిరి 1970 వఱకు నెల్లూరు మండలములో ఒక తాలూకా ముఖ్యస్థానము. అట్టి యూళ్లవారికి మేజిస్ట్రేటే దిక్కు. పడనున్న చెట్టును తొలగింపుమనియో, ఊతమిడుమనియో ఆజ్ఞాపించు అధికారము 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 133 వ సెక్షనులో స్పష్టముగా నుండెను. 2024 జూలై 1 వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదియే 152 వ సెక్షను. ఊతమిడుట అను మాటను గమనింపుడు. కొట్టుటయొక్కటే చట్టమునకు తెలిసిన మార్గము కాదు.

1964 లో ఢిల్లీ నగరమున స్కూటరుపై పోవుచున్న యొక గృహస్థునితలపై బాటప్రక్క చెట్టుకొమ్మ విఱిగిపడి యాతడు మరణించెను. కుటుంబమువారు నగరపాలక సంస్థపై వ్యాజ్యము వేసిరి. 1999 లో సుప్రీముకోర్టు తుదితీర్పు నిచ్చి, ఎండి ప్రమాదకరమైన చెట్టును కనిపెట్టి తొలగించుట సంస్థ బాధ్యతయే యని నిర్ణయించెను. కొమ్మ పడుటకు క్షణము పట్టినది. న్యాయము తేలుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. ఆంగ్లదేశమున 1926 లో ఒక తీర్పు దీనికి ఆవలిప్రక్కను చూపును. అచ్చట బాటపైకి వంగిన కొమ్మ విఱిగి యొక మోటారుబండి చెడిపోయెను. కాని లోపలి పగులు పైకి కానరానిదగుటచే యజమానుని తప్పులేదనిరి. రెండింటిని కలిపి చదివిన సారమిది: కనబడు ప్రమాదమును చూడకుండుట తప్పు, కనబడనిదానికి మనుష్యుని శిక్షింపరాదు. మఱియు 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టముననుసరించి, తన పెరటిలోని చెట్టైనను అధికారుల యనుమతిలేక కొట్టరాదని గృహస్థుడు మఱవరాదు.

అయినచో చూచుట యెట్లు? పెరటిచెట్టు మందునకు రాదని మనలో సామెత. దినమును చూచునది కావున మనము దానిని చూడనే చూడము. ఏడాదికి రెండుమాఱులు, చైత్రములో గాలులకు ముందొకసారి, ఆశ్వయుజములో తుపానులకు ముందొకసారి, చెట్టుచుట్టును తిరిగి చూడవలెను. మొదట పుట్టగొడుగులు లేచినవా? తొఱ్ఱయున్నదా? చెదపుట్ట యున్నదా? కొట్టిన డొల్లమ్రోతగా వినబడుచున్నదా? వంగియున్న మ్రానెల్ల పడునని భయపడనక్కఱలేదు. ఏండ్లతరబడి వంగియున్నది తనను తాను సవరించుకొనియుండును. నిన్నటికంటె నేడు వంగుటయు, వెనుకవైపు నేల బీటలువాఱి లేచుటయు చూచినచో మాత్రము ఆ రాత్రి ఆ ప్రక్క గదిలో పండుకొనరాదు.

తొందరపాటును కూడదు. 2021 లో తెలుగునాట ఊరూర వేపచెట్లు కొనలనుండి యెండిపోవుట మీరందఱు చూచియుందురు. అది ఒక శిలీంధ్రము తెచ్చిన తెగులు. చెట్టు చచ్చినదని కొట్టించినవారు కలరు. ఓపికపట్టినవారి చెట్లలో పెక్కు మరల చిగిర్చెను. బెరడును గోటితో గీచిన లోపల పచ్చగా నున్నచో చెట్టు బ్రదికియే యున్నదని యర్థము.

2017 డిసెంబరులో మహబూబునగరు సమీపమునందలి పిల్లలమఱ్ఱి యొక్క మహాశాఖ చెదలచే డొల్లయై కూలినది. సుమారు ఏడువందల యేండ్లదని ప్రసిద్ధిగల యా వృక్షమును అధికారులు కొట్టివేయలేదు. సందర్శకులను లోపలికి రానీక, వంగిన కొమ్మలకు సిమెంటు ఆధారముల నమర్చి, 2018 లో రోగికి సెలైను ఎక్కించునట్లు సీసాలు వ్రేలాడగట్టి చెదలమందును బొట్టుబొట్టుగా కాండములోనికి పంపిరి. ప్రమాదమున్నచోట మనుష్యులను తొలగించుట మొదటిపని, ఊతమిడుట రెండవది, చికిత్స మూడవది. ఈ వరుసక్రమము మన పెరటికిని సరిపోవును.

కొమ్మ నఱకుటయందును ఒక శాస్త్రమున్నది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను పండితుడు వేలకొలది మ్రాకులను నిలువునకోసి పరీక్షించి, 1970 దశకమున ఒక సత్యమును స్థాపించెను. మనకు గాయము మానునట్లు చెట్టునకు మానదు. అది గాయముచుట్టును లోపల గోడకట్టుకొని కుళ్లును అచ్చటనే బంధించును. కొమ్మమొదట ఉంగరమువలె ఉబ్బియుండు భాగమే ఆ గోడకు ఆధారము. దానిని చెక్కివేసి మ్రానుతో సమముగా నఱకినచో కుళ్లు మ్రానులోనికి దిగును. పెద్దకొమ్మను తీయునప్పుడు కొంతదూరమున క్రిందినుండి గాటుపెట్టి, పిదప పైనుండి కోసి, తుదకు మిగిలిన మోటును ఆ యుంగరము వెలుపల తీసివేయవలెను. తలకొట్టి మోడుచేయుట అన్నిటికంటె చెడుగు. అట్లు కొట్టినచోట పుట్టుకొమ్మలు పైపైన అతుకుకొనియుండి, కొన్నియేండ్లకు మొదటికంటె ఎక్కువగా విఱుగును. విద్యుత్తు తీగలు తగులుచున్నచో గృహస్థుడు కత్తి పట్టక, ఆ శాఖవారికి చెప్పి ప్రవాహమును నిలిపించుకొనవలెను.

మొదట ఊహించిన కనిగిరి గృహస్థునియింటికి మరల పోదము. తండ్రి, కొడుకు, పొరుగువాడు ముగ్గురును చెట్టుక్రింద నిలిచి చూతురుగాక. మొదలు గట్టిగానుండి, ఎండినకొమ్మలు మాత్రమే యింటిపైకి వాలియున్నచో, వానిని శాస్త్రప్రకారము తీయించిన చాలును. ఇల్లాలికి నిద్రయు, ముసలివానికి నీడయు దక్కును. మొదలు డొల్లయై, వేళ్లు తెగి, క్రింద పసిపిల్లలు పండుకొను గదియున్నచో, అనుమతి తెచ్చుకొని కొట్టింపవలసినదే. అప్పుడు తాతగారి జ్ఞాపకము అడ్డురారాదు. తాత చెట్టును నాటినది మనుమలు చల్లగా నుండవలెననియే గాని, దానిక్రింద నలుగవలెనని కాదు.

కాని కొట్టించిన యేటనే, ఇంటికి తగినంత యెడముగా మఱియొక వేపమొక్కను నాటవలెను. మూడు నాలుగు వేసవులు బిందెలతో నీరు మోయువారు ఆ యింట మరల నొకరు పుట్టవలెను. కనిగిరివంటి చోట అది అల్పమైన పని కాదు. అవ్వ మోసిన నీరెంతయో అప్పుడుగాని ఆ కొడుకునకు తెలియదు.