మొక్కల ఆహారం, రోగనిరోధక వ్యవస్థ

పండ్లు, ఆకుకూరలు, పప్పులు, మసాలా దినుసుల్లోని కొన్ని పదార్థాలు శరీరాన్ని కాపాడే కణాల పుట్టుకనూ పనితీరునూ మారుస్తాయి. అన్నీ ఒకే పని చేయవు. ఒకటి ఆ కణాలకు ముడిసరుకు, మరొకటి వాటికి దారి చూపే సంకేతం, ఇంకొకటి కళ్లెం. అందుకే ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అనే ప్రకటనల మాటతో ఈ విషయం తేలదు.

ముందు మామిడి సంగతి చూద్దాం. ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దు పక్కనున్న తిరువూరు మామిడి సీమ. విస్సన్నపేట, రెడ్డిగూడెం, నూజివీడు తోటలూ ఈ సీమలోవే. బంగినపల్లి, కలెక్టరు కాయలతో పాటు ఇక్కడ రసాలకు పేరు. చిన్న రసాన్ని వేళ్లతో మెత్తగా పిసికి, తొడిమ దగ్గర తుంచి పీలిస్తే మూతికీ ముంజేతికీ అంటుకునే రంగులో బీటా కెరోటిన్ ఉంటుంది. దీన్ని శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకుంటుంది. ఆహారంలోని సుమారు 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ నుంచి దక్కేది 1 మైక్రోగ్రాము. పేగుల్లోని కొన్ని రక్షణ కణాలు ఆ విటమిన్‌ను రెటినోయిక్ ఆమ్లంగా మారుస్తాయి. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు పేగుల గోడకు చేరి అక్కడ కాపలా కాయడానికి దారి చూపేది ఈ ఆమ్లమే. పేగులు, ఊపిరితిత్తుల లోపలి పొర గట్టిగా ఉండాలన్నా ‘ఎ’ విటమిన్ కావాలి. అది కరువైన పిల్లలకు రేచీకటి రావడమే కాదు, తట్టు, విరేచనాలు ప్రాణాల మీదికి తెస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలో పిల్లలకు ఆరు నెలలకోసారి ‘ఎ’ విటమిన్ ద్రావణం పట్టించే కార్యక్రమం మొదలైంది.

మామిడి రెండు మూడు నెలల ముచ్చట. ఏడాది పొడవునా దొరికే తోటకూర, మునగాకుల్లో కెరోటిన్ అంతకంటే చాలా ఎక్కువ. అది కొవ్వులో కరిగేది కాబట్టి పప్పులో పోపు నూనె రుచికి మాత్రమే కాదు, ఒంటబట్టడానికీ అవసరం.

ఆకుల్లోని మరో నిధి ఫోలేట్. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి వేరుచేసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో దీనికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. క్రిమి చొరబడగానే లింఫోసైట్లు వేగంగా విభజన చెందాలి. ప్రతి విభజనకూ కొత్త డీఎన్ఏ కావాలి. దాని తయారీకి ఫోలేట్ కావాలి. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దీన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టనపెట్టుకుంది. ఆ జబ్బుకు ఇచ్చే మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటని తెలిసినప్పుడు ఈ కథ మనసును పట్టేస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే మందులూ ఆ ప్రయోగశాలలోనే పుట్టాయి. వాటిలో మెథోట్రెక్సేట్‌ను, రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడిచేసే కీళ్లవాతానికి నేటికీ వారానికోసారి ఇస్తున్నారు. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే ఫోలేట్‌లో చాలా భాగం వాటితోనే పోతుంది.

పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో వాపు సంకేతాలను అణచుతుంది. కానీ తిన్నదాంట్లో రక్తానికి చేరేది బహు స్వల్పం. 1998లో వెలువడిన బెంగళూరు పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే, ఒంటికి అందేది సుమారు 20 రెట్లయింది. కూరలో వేసే చిటికెడు పసుపులో కర్క్యుమిన్ ఉండేది కొన్ని మిల్లీగ్రాములే. దాన్నీ ఆ పరిశోధనలోని మోతాదునూ ఒకే గాటన కట్టకూడదు. పైపరిన్ కలిపిన పెద్ద మోతాదు పసుపు మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.