కోత కోసిన చేనే రన్‌వే

సంగారెడ్డి పక్కనున్న కంది దగ్గర మొదలయ్యే 161వ నంబరు జాతీయ రహదారి జోగిపేట, పిట్లం దాటి, పెద్దకొడప్‌గల్ మీదుగా మద్నూర్‌కు, అక్కడినుంచి మహారాష్ట్రలోని దెగ్లూర్, నాందేడ్ వైపు సాగిపోతుంది. దారికి ఇరువైపులా నల్లరేగడి చేలు. వానాకాలంలో సోయా, కంది, పత్తి. యాసంగిలో శనగ, జొన్న. శనగ ఇల్లు చేరాక మళ్లీ దుక్కులు మొదలయ్యేదాకా ఈ చేలల్లో చాలావరకు ఖాళీగా ఉంటాయి. చదునైన నేల, తెరిపి ఆకాశం, పొద్దున పూట నెమ్మదైన గాలి. రేడియోతో నడిచే మోడల్ విమానాన్ని ఎగరేసేవాళ్లు కోరుకునేవి ఈ మూడే. హైదరాబాద్‌లో ఆ సరదా ఉన్నవాళ్లు ఇలాంటి జాగా కోసం ఆదివారం పొద్దున్నే లేచి నగరం దాటి పోవాలి. పెద్దకొడప్‌గల్ పిల్లలకు అది ఇంటి వెనకే ఉంది.

ఈ సరదాకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. అది పారిస్ తోటలో మొదలై, అమెరికా కాలేజీ హాస్టళ్లు, హాలీవుడ్ వీధులు తిరిగి మన దాకా వచ్చింది. దారిలో హైదరాబాద్ రాజ్యపు ఆకాశాన్ని కూడా తాకింది.

నిజానికి విమానం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పెద్దకొడప్‌గల్‌కు దగ్గర్లో మంజీరకు అడ్డంగా 1923-31 మధ్య నిజాంసాగర్ కట్టించిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, అంతకు ముందే 1918లో బ్రిటిష్ వాయుసేనకు ఒక దళానికి సరిపడా డీహెచ్-9ఏ బాంబర్లను కానుకగా ఇచ్చాడు. అలా ఆ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. అవి నిజాం ఇచ్చినవని విమానాల మీదే రాశారు. వాటిలో ఎఫ్-1010 అనే విమానం ఆ ఏడాది అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో కొన్నాళ్లుండి, రెండో యుద్ధం తర్వాత పోలండ్‌లో బయటపడి, 1977లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి చేరింది. చెక్క, గుడ్డ, తీగలతో కట్టిన ఆ విమానం హైదరాబాద్ పేరుతో నేటికీ అక్కడే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి బేగంపేటలో పైలట్లకు ఓనమాలు దిద్దించే బడి నడిచింది. అక్కడ శిక్షణకు వాడింది టైగర్ మాత్ అనే రెండు రెక్కల వరుసల విమానం. ఈ టైగర్ మాత్‌కు ఒక తోబుట్టువు ఉంది. పేరు క్వీన్ బీ. 1935లో బ్రిటిష్ వాళ్లు దాన్ని పైలట్ లేకుండా, నేల మీదినుంచి రేడియోతో నడిపారు. యుద్ధనౌకల మీది తుపాకీ గురి సాధనకు అది ఎగిరే లక్ష్యం. ఇప్పుడు రైతు చేను మీద మందు చల్లే డ్రోన్‌కు దాన్ని పూర్వీకుల్లో ఒకటిగా లెక్కపెట్టవచ్చు.

దక్షిణాన సరిహద్దు దాటితే బీదర్. 1956 దాకా అదీ హైదరాబాద్ రాజ్యంలోదే. భారత వాయుసేన విన్యాస బృందం సూర్యకిరణ్ 1996లో పుట్టింది ఆ బీదర్ వైమానిక స్థావరంలోనే. ఇటు హైదరాబాద్ వైపు దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దానికి పునాదిరాయి వేశారు. ఇటూ అటూ రెండు పెద్ద విమాన బడులు, నడుమ ఖాళీ చేలు. విమానం మీద ఇష్టం కలగడానికి ఈ పిల్లలకు ఇంకేం కావాలి?

ఇక ఆటబొమ్మ కథకు వద్దాం. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని టుయిలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే 21 ఏళ్ల యువకుడు మెలిపెట్టిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని పెద్దల ముందు వదిలాడు. అది 11 సెకన్లలో సుమారు 55 మీటర్లు ఎగిరింది. మనిషెక్కిన విమానం రావడానికి ఇంకా 32 ఏళ్లుంది. అయినా ఆ బొమ్మలో అసలు సూత్రం అప్పటికే ఉంది. రెక్కల కొసలు కాస్త పైకి వంచితే పక్కలకు ఒరిగిన విమానం తనంతట తాను సర్దుకుంటుంది. తోకను రెక్క కన్నా కొంచెం తక్కువ కోణంలో అమర్చితే ముక్కు ఎత్తినా దించినా మళ్లీ సమానానికి వస్తుంది. నేటికీ బడిపిల్లవాడు మొదటగా చేసే మోడల్ ఈ రెండు మాటల మీదే ఎగురుతుంది. పెనో మాత్రం తన పెద్ద విమానానికి డబ్బు పెట్టేవారు దొరక్క 30 ఏళ్లకే లోకం విడిచాడు.

ఆయన చేసిన మరో బొమ్మ, రబ్బరుతో పైకి లేచే హెలికాప్టర్. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే బిషప్ దాని నమూనాలో చేసిన బొమ్మనొకటి ఇంటికి తెచ్చి కొడుకులకు ఇచ్చాడు. వెదురు, బెండు, కాగితం, రబ్బరు, అంతే సరుకు. విల్బర్‌కు 11 ఏళ్లు, ఆర్విల్‌కు 7. అది విరిగిపోయాక ఊరుకోకుండా తామే మళ్లీ చేసుకున్నారు. 1903లో వాళ్లు మనిషిని గాలిలో నిలబెట్టారు. కొనిచ్చిన బొమ్మ ఇష్టాన్ని పుట్టించింది. విద్య వచ్చింది మాత్రం దాన్ని మళ్లీ చేయడంలో. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది కూడా ఇదే.

రేడియో ముందు నీళ్ల మీదికి వచ్చింది. 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా తీగ లేకుండా చిన్న పడవను నడిపి చూపించాడు. మోడల్ విమానానికి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, ఎందుకంటే అప్పటి రేడియో బరువు. వాల్వులు, వాటికి పెద్ద బ్యాటరీలు. ఆ బరువును మోయగల మోడల్ కావాలి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవలలు కాలేజీలో చదువుతూ ఈ చిక్కు విప్పారు. వాల్టర్‌ది విమానం, విలియంది రేడియో. ఎనిమిది అడుగుల రెక్కలున్న వాళ్ల మోడల్ విమానం గఫ్ 1937లో రేడియో మాట విని గాలిలో తిరిగింది. ఆ తర్వాత అమెరికా జాతీయ పోటీల్లో అన్నదమ్ములు వరసగా గెలిచారు. 1960 నుంచి గఫ్ స్మిత్‌సోనియన్ వారి సేకరణలో ఉంది. వాల్టర్ గుడ్ యుద్ధకాలంలో, లక్ష్యం దగ్గరికి రాగానే తనంతట పేలే రేడియో ఫ్యూజు తయారీలో పనిచేశాడు. సరదాకు నేర్చిన రేడియో విద్య దేశానికి అక్కరకొచ్చింది.

హాలీవుడ్‌లో ఇంకో కథ నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుదళంలో పనిచేసి, తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న రెజినాల్డ్ డెన్నీకి మోడల్ విమానాల పిచ్చి. హాలీవుడ్ బులవార్డ్‌లో వాటి దుకాణమే పెట్టాడు. అక్కడినుంచి రేడియోప్లేన్ కంపెనీ పుట్టింది. రెండో యుద్ధంలో అమెరికా సైన్యానికి గురి సాధన కోసం ఆ కంపెనీ రేడియో విమానాలు దాదాపు 15,000 తయారయ్యాయి. ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న నార్మా జీన్ అనే అమ్మాయిని సైన్యపు ఫొటోగ్రాఫర్ డేవిడ్ కానోవర్ ఫొటో తీశాడు. ఆమే తర్వాత మార్లిన్ మన్రో. సినిమా పత్రికలు ఈ కథను చాలాసార్లు చెప్పాయి గానీ, ఆమె పనిచేసింది మోడల్ విమానాల దుకాణం పెరిగి ఫ్యాక్టరీ అయిన చోట అన్న సంగతి వెనకబడిపోయింది.

ఆ రోజుల్లో విమానానికి రేడియోతో చెప్పగలిగింది ఒక్కటే మాట. మీట నొక్కితే చుక్కాని కుడికి, వదిలితే మధ్యకు, మళ్లీ నొక్కితే ఎడమకు. దాన్ని కదిలించడానికి మళ్లీ మెలిపెట్టిన రబ్బరే. ఎంత నొక్కితే అంత తిరిగే రేడియోలు 1960లలో గానీ స్థిరపడలేదు. చుక్కానిని కదిలించే ఇప్పటి సర్వో మోటారు గుట్టు కూడా సులభమే. రిసీవరు సెకనుకు సుమారు యాభైసార్లు దానికి ఒక చిన్న విద్యుత్ స్పందనను పంపుతుంది. ఆ స్పందన ఒక మిల్లీసెకను ఉంటే సర్వో చెయ్యి ఒక కొసకు, రెండు మిల్లీసెకన్లు ఉంటే రెండో కొసకు, ఒకటిన్నర ఉంటే నడిమికి. బొటనవేలి కదలిక మిల్లీసెకన్లుగా మారి, రెక్క అంచు కదలికగా తేలుతుంది.

ఇంజిన్ల కథలో మనకు చాలా దగ్గరి సరుకు ఒకటుంది: ఆముదం. చిన్న మోడల్ డీజిల్ ఇంజిన్లలో ఈథర్, కిరోసిన్, ఆముదం దాదాపు సమపాళ్లలో కలిపి పోసేవారు. 1940ల చివర గ్లో ప్లగ్ వచ్చాక మిథనాల్‌లో ఆముదం కలిపారు. ఎంత వేడెక్కినా ఆముదం పొర లోహాన్ని వదలదు. వేలెడంత ఇంజిను నిమిషానికి పది వేల సార్లు, ఆపైన తిరిగినా అరిగిపోకుండా కాపాడేది అదే. తెలంగాణ మెట్ట పొలాల్లో తరతరాలుగా పండే గింజ, లోకంలోని ఎన్నో మోడల్ విమానాలకు చమురైంది.

అయినా ఇక్కడ ఈ సరదా పల్లెకు రాలేదు. కారణాలు రెండు. మొదటిది సరుకు. బాల్సా చెక్క ఈక్వెడార్ నుంచి రావాలి, రేడియో జపాన్ నుంచో అమెరికా నుంచో రావాలి. దిగుమతి సుంకం కట్టాక దాని ధర నెల జీతగాడికి కూడా మోయరాని బరువు. రెండోది చట్టం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరంగా ఉండేది. అందువల్ల చాలాకాలం ఇది కంటోన్మెంట్లలో, ఫ్లయింగ్ క్లబ్బుల చుట్టుపక్కల, డబ్బున్న ఇళ్లలో మాత్రమే బతికింది.

ఆ గోడకు కిటికీ పెట్టింది ఎన్‌సీసీ. 1948లో ఏర్పడిన ఎన్‌సీసీకి తర్వాత ఎయిర్ వింగ్ వచ్చింది, అందులో ఏరోమోడలింగ్ ఒక పాఠం. ఏటా జరిగే అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో దానికి పోటీలున్నాయి. క్యాడెట్లు ఎక్కువగా నేర్చింది కంట్రోల్ లైన్ విమానం. మధ్యలో మనిషి నిలబడి రెండు సన్నని ఉక్కు తీగలు పట్టుకుంటే, విమానం అతని చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఒక తీగ లాగితే లేస్తుంది, రెండోది లాగితే దిగుతుంది. రేడియో అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. మాంజా పట్టిన చేతికి అది కొత్త విద్యేమీ కాదు. పతంగికి దారం ఎక్కడ కట్టాలో తెలిసిన పిల్లవాడికి విమానం బరువు ఎక్కడ నిలవాలో సగం తెలిసినట్టే. రెక్క వెడల్పులో ముందువైపు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య బరువు తూగాలి. తోక బరువైతే విమానం చేతిలో ఉండదు.

పరిస్థితి మారింది 2005లో. ఆ ఏడాది కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు తీసేసింది. సరిగ్గా అప్పుడే అదే బ్యాండులో పనిచేసే మోడల్ విమానాల రేడియోలు బజారుకొచ్చాయి. అంతకుముందు ఒకే మైదానంలో ఇద్దరు ఒకే చానెల్ ఆన్ చేస్తే ఒకరి విమానం నేలకూలేది. ఎవరు ఏ చానెల్ వాడుతున్నారో బోర్డు మీద పిన్ను గుచ్చి చెప్పుకొనేవారు. కొత్త రేడియోతో ఆ భయం పోయింది. లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు చౌకయ్యాక ఆముదం వాసన కూడా పోయింది. బాల్సా లేకపోతే థర్మాకోల్, ఫోమ్ బోర్డు, వెదురు బద్ద, హాట్ గ్లూ చాలు.

చేత్తో చేసిన విమానం ఎంత దూరం పోగలదో మేనార్డ్ హిల్ అనే మోడల్ విమానాల ప్రేమికుడు చూపించాడు. 77 ఏళ్ల వయసులో, చూపు, వినికిడి రెండూ చాలావరకు పోయాక, మిత్రులతో కలిసి బాల్సాతో ఒక విమానం చేశాడు. ఇంధనంతో కలిపి 5 కిలోల లోపే. ముందు ఏడాది ప్రయత్నాలు సముద్రంలో కలిసిపోయాయి. 2003 ఆగస్టు 9న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి వదిలిన విమానం 38 గంటల 52 నిమిషాల తర్వాత ఐర్లాండ్ తీరంలో దిగింది. సుమారు 3,030 కిలోమీటర్లు. అట్లాంటిక్ దాటిన తొలి మోడల్ విమానం అది. నాకు ఈ చరిత్ర మొత్తంలో దీని కన్నా గొప్ప ఘట్టం కనిపించదు.

ఇప్పుడు మళ్లీ 161వ రహదారికి. దాని మొదట్లో ఉన్న కందిలోనే ఐఐటీ హైదరాబాద్. అక్కడ టిహాన్ అనే కేంద్రం డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్ల పరీక్షా క్షేత్రాన్ని 2022లో తెరిచింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు చేరవేసే ప్రయోగాన్ని రాష్ట్రం మొదలుపెట్టింది. పొలాల మీద మందు చల్లే డ్రోన్లకు సబ్సిడీలున్నాయి, శిక్షణలున్నాయి. మంచిదే. కానీ ఈ డ్రోన్లు తమంతట తామే నిలబడతాయి; నడిపేవాడికి రెక్క ఎందుకు లేస్తుందో తెలియనవసరం లేదు. మీట నొక్కడం వారంలో వస్తుంది. బాగుచేయడం, మార్చడం, కొత్తది గీయడం మాత్రం ఒక్క రెక్కనైనా చేత్తో కోసి అతికించి, కూలగొట్టుకుని, మళ్లీ అతికించిన వాళ్లకే వస్తుంది. డ్రోన్ ఆపరేటర్లను తయారు చేసి మోడల్ విమానాలను వదిలేస్తే మనం ఎప్పటికీ కొనేవాళ్లుగానే ఉండిపోతాం. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడింది, పెద్దకొడప్‌గల్ మండల కేంద్రమైంది. మండల కేంద్రంలోని హైస్కూలుకు ఒక ప్రయోగశాల ఎంత అవసరమో, నా లెక్కలో ఒక ఏరోమోడలింగ్ మూల కూడా అంతే అవసరం.

హెడ్మాస్టర్లకు, సైన్సు టీచర్లకు, ఎండాకాలం సెలవుల్లో ఊరికొచ్చే ఇంజినీరింగ్ పిల్లలకు ఒక మాట. మొదట మోటారు లేని గ్లైడర్‌తో మొదలుపెట్టించండి. అది చేతినుంచి వదిలితే తిన్నగా సాగాకే మోటారు, రేడియో. తిరిగే ప్రొపెల్లర్ ముందు వేలు పెట్టనివ్వకండి, లిథియం బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి ఎవరూ లేకుండా వదలకండి. 2021 డ్రోన్ నిబంధనల కింద గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఏ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్ చూపిస్తుంది. రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా అక్కడే చదువుకోండి. బీదర్ వైపు వైమానిక స్థావరం ఉంది కాబట్టి ఈ ప్రాంతం వాళ్లు మ్యాప్ చూడకుండా ఎగరేయొద్దు. విమానం ఎప్పుడూ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. చేను ఎవరిదో ఆ రైతును ముందే అడగండి, మొదటి ఎగురుడు చూడటానికి ఆయన్నీ పిలవండి.