కుండను కొట్టి చూసినట్లు

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడని ఇల్లాలు మా కామవరపుకోట వైపు ఉండదు. ఖంగుమంటే గట్టిది, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్లే. శాస్త్రజ్ఞులు సూర్యుణ్ణీ అలాగే పరీక్షించారంటే నమ్ముతారా?

1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున కనిపించే ఎర్రటి జ్వాలలు వేడి వాయువులని తేల్చాడు. అయితే అదంతా పైపై సంగతి. లోపల ఏముందో?

1960లో అమెరికాలో లైటన్ బృందం, సూర్యుడి ఉపరితలం సుమారు అయిదు నిమిషాలకోసారి పైకీ కిందికీ ఊగుతోందని పసిగట్టింది. లోపల తిరుగాడే శబ్ద తరంగాల పని అది అని 1970లో ఉల్‌రిచ్ వివరించాడు. మన చెవిని పడవు లెండి, మధ్యన ఉన్నది శూన్యం! ఆ ఊపును ఎడతెగకుండా కనిపెట్టాలి, మరి పొద్దుగూకితే ఎలా? అందుకే 1995లో భూమి చుట్టూ ఆరుచోట్ల పరికరాలు పెట్టారు. వాటిలో ఒకటి మన ఉదయపూర్‌లోదే.

ఈలోగా సూర్యుడి మీద నింద ఒకటుంది. లెక్క ప్రకారం రావలసిన న్యూట్రినో కణాల్లో 1968 నుంచీ మూడోవంతే దొరికేవి. నడిగర్భపు వేడి అంచనా తప్పేమోనన్నారు. తరంగాలు మాత్రం అంచనా సరైనదేనన్నాయి. న్యూట్రినోలే దారిలో రూపు మార్చుకుంటున్నాయని 2002 నాటికి కెనడాలో రుజువైంది.

2009లో ఎగిరిన కెప్లర్ దుర్భిణి, సూర్యుడిలాంటి వందలాది నక్షత్రాల వెలుగులో ఇలాంటి ఊపునే పట్టుకుంది. వాటి వయసూ, పరిమాణమూ ఆ ఊపును బట్టే కడుతున్నారు.